మూడ్ లేనప్పుడు కూర్చోవాలా, వదిలేయాలా?

కొత్తగీత:
నేను నీటిరంగులు వేస్తాను. ఉద్యోగం వేరే, ఇది ఇష్టం కొద్దీ. కొన్ని నెలలుగా కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచడం లేదు. ఒక స్నేహితుడేమో "రోజూ గంట కూర్చో, అదే వస్తుంది" అంటాడు. ఇంకో స్నేహితురాలు "బలవంతంగా వేస్తే ఉన్న ఇష్టం కూడా పోతుంది, కొన్నాళ్లు వదిలెయ్" అంటుంది. ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపిస్తోంది. సైకాలజీ వాళ్లు దీని మీద ఏమైనా తేల్చారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లసిరా:
ఎప్పుడో తేల్చారు. రాబర్ట్ బాయిస్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో ఒక ప్రయోగం ప్రచురించాడు. రాత ముందుకు సాగక అవస్థ పడుతున్న 27 మంది ప్రొఫెసర్లను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపును మరీ అవసరమైతే తప్ప రాయొద్దన్నాడు. రెండో గుంపు మూడ్ వచ్చినప్పుడు రాసుకోవచ్చు. మూడో గుంపు మాత్రం రాసి తీరాలి. రాయకపోతే వాళ్లకు అస్సలు గిట్టని సంస్థకు వాళ్ల డబ్బే చందాగా వెళ్లిపోతుంది. ఎక్కువ పేజీలు రాసింది ఈ మూడో గుంపే, సరే, అది ఊహించిందే. కానీ కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చిందీ వాళ్లకే.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను. పొద్దున్నే కూర్చుంటాను. మొదట వేసేదంతా చెత్తే. చేతులు చేతుల్లా ఉండవు, తలలు పెద్దవైపోతాయి. చించి పక్కన పడేస్తూ పోతే ఎక్కడో ఒక గీత సరిగ్గా పడుతుంది, అక్కడినుంచి బండి నడుస్తుంది. ఆ చెత్త వేయకుండా ఆ గీత రాదు. మూడ్ పనికి ముందు రాదు, పని మధ్యలో వస్తుంది. దీంట్లో ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాదు.

పొద్దుతిరుగుడు:
నడవండి. స్టాన్‌ఫర్డ్‌లో 2014లో పరీక్షించి చూశారు. ట్రెడ్‌మిల్ మీద ఖాళీ గోడ చూస్తూ నడిచినా సరే, కూర్చున్నప్పటికంటే ఎక్కువ ఆలోచనలు తట్టాయి.

వానచినుకు:
నల్లసిరా గారూ, మీరు చెప్పింది ప్రొఫెసర్ల గురించి. వాళ్లు రాసేది వ్యాసాలు. ఇక్కడ అడిగింది నీటిరంగుల గురించి.

నేనూ ఒక ప్రయోగం చెబుతాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూశారు. సర్టిఫికెట్ ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లలో సగంసేపే వాటితో గడిపారు. సర్టిఫికెట్ కోసం వేసిన బొమ్మలు కూడా తక్కువ నాణ్యతతో ఉన్నాయని, ఎవరు ఏ గుంపో తెలియని వాళ్లు మార్కులేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు మాత్రం ఇష్టం తగ్గలేదు.

అంటే బొమ్మకు ముందు బయటినుంచి ఒక లెక్క వచ్చి కూర్చుంటే లోపలిది చల్లారిపోతుంది. "రోజూ గంట" అనేది కూడా అలాంటి లెక్కే. కొత్తగీత గారూ, వదిలేయండి. అదే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

నల్లసిరా:
ఆ పిల్లల వయసు మూడు నుంచి ఐదేళ్లు. నేను ప్రొఫెసర్లంటే పనికిరాదు, మీరు నర్సరీ పిల్లలంటే పనికొస్తుందా?

పైగా అక్కడ పరీక్షించింది బహుమతి గురించి, రోజూ కూర్చోవడం గురించి కాదు. రోజూ కూర్చున్నందుకు నాకెవరూ రిబ్బన్ ఇవ్వడం లేదు.

వానచినుకు:
బాయిస్ పరీక్షించింది మాత్రం ఏమిటి, జరిమానాయే కదా! గిట్టని సంస్థకు డబ్బు పోతుందన్న భయం. భయంతో రాసినవాళ్లను చూపించి "క్రమశిక్షణ" అంటున్నారు.

నల్లసిరా:
భయమో భక్తో, ఆలోచనలు వచ్చాయా లేదా?

గడ్డిపువ్వు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగితే అడిగినావిడ ఏమైనా చెప్పుకుంటారేమో.

కుంచెమాస్టారు:
బొమ్మలు నేర్పే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని, ఒక మాట చెబుతాను. గెట్జెల్స్, చిక్‌సెంట్‌మిహాయి అనే ఇద్దరు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులను 31 మందిని తీసుకున్నారు. బల్లల మీద 27 వస్తువులు పెట్టి, మీకు నచ్చినవి అమర్చుకుని బొమ్మ వేయండి అన్నారు. కొందరు రెండు మూడు వస్తువులు తీసుకుని వెంటనే మొదలుపెట్టారు. కొందరు చాలా వస్తువులు పట్టుకుని చూశారు, తిప్పారు, మార్చారు, గీత మొదలుపెట్టాక కూడా మొత్తం మార్చేశారు. ఈ రెండో రకం వాళ్ల బొమ్మలే కొత్తగా ఉన్నాయని, ఎవరు ఎలా వేశారో తెలియకుండా చూసిన కళాకారులు తేల్చారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే కళారంగంలో నిలబడ్డవాళ్లలోనూ ఈ రకంవాళ్లే ఎక్కువ.

కాబట్టి కాగితం ఖాళీగా ఉన్నంత మాత్రాన పని జరగడం లేదనుకోకండి. ఏం వేయాలో వెతుక్కోవడమే అసలు పని.

వానచినుకు:
అదే నేను చెప్పేది మాస్టారూ! చూడటం, తిప్పడం, ఆగడం. గడియారం పెట్టుకుని కాదు.

నల్లసిరా:
అదే నేను చెప్పేది మాస్టారూ. వాళ్లు బల్ల దగ్గరే ఉన్నారు, వస్తువులు చేతిలో పట్టుకుని. ఇంట్లో పడుకుని మూడ్ కోసం ఎదురుచూడలేదు.

గడ్డిపువ్వు:
మాస్టారు, ఒకే ప్రయోగంతో ఇద్దరినీ గెలిపించారు 😄

కుంచెమాస్టారు:
నేను ఎవరినీ గెలిపించలేదు నాయనా. విరామం మంచిదే. 2009లో సియో, ఓర్మెరాడ్ అనేవాళ్లు విరామం మీద జరిగిన అధ్యయనాలు 117 కలిపి చూశారు. చిక్కుముడి దగ్గర కాసేపు ఆపేసి మళ్లీ వస్తే లాభం ఉందనే తేలింది. కాకపోతే ఆపకముందు ఎక్కువసేపు బుర్ర పెట్టినవాళ్లకే ఆ లాభం ఎక్కువ. అసలు మొదలే పెట్టనిదాన్ని ఆపడం అంటే ఏమిటో నాకు తెలియదు.

నల్లసిరా:
చూశారా. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. "మూడ్" అనే మాట నాకు ఎందుకు పడదంటే, దాని ఖరీదు వేరేవాళ్లు కడతారు. ఒక స్నేహితుడు కవర్ బొమ్మ ఒప్పుకున్నాడు. రోజూ ఫోన్ చేస్తే "ఇంకా రాలేదురా, లోపల ఉడుకుతోంది" అనేవాడు. ప్రింటింగ్‌కి వెళ్లాల్సిన ముందు రాత్రి ఫోన్ ఎత్తలేదు. ఆ రాత్రంతా కూర్చుని నేను వేశాను. పుస్తకం మీద అతని పేరే పడింది, ఎందుకంటే లోపల పేజీ అప్పటికే అచ్చయిపోయింది. ఇవాళ్టికీ ఆ కవర్ బాగుందని అతన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. మూడ్ పేరుతో జరిగేది చాలావరకు సోమరితనం. కళ పేరు పెట్టుకుంటే అది తపస్సు అయిపోదు.

వానచినుకు:
మీ స్నేహితుడి మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారా? నేను ఎవరి కవర్ ఎగ్గొట్టాను?

సోమరితనం అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేసేదాన్ని. గోడ మీద బోర్డు ఉండేది. ఎవరు ఎన్ని పూర్తి చేశారో సాయంత్రం ఆ బోర్డు మీద రాసేవాళ్లు. నేను ఎప్పుడూ పై మూడు పేర్లలోనే ఉండేదాన్ని. సోమరిని కాను. తర్వాత ఏమైందంటే, నా కోసం వేసుకునే బొమ్మల్లో కూడా ఆ బోర్డు కనిపించడం మొదలైంది. నీటిరంగుల్లో వాష్, అంటే పలుచని రంగు పూత, వేశాక ఆగాలి కదా. కాగితం మీద మెరుపు పోయేదాకా చూడాలి. సగం ఆరిన దాంట్లో బ్రష్ పెడితే రంగు వెనక్కి తోసుకుపోయి అంచు చుట్టూ పళ్లు పళ్లుగా మచ్చ కడుతుంది, ఇక దాన్ని ఏమీ చేయలేం. నేను ఆగలేకపోయేదాన్ని. ఒకటి ఆరేలోపు ఇంకోటి, అది ఆరేలోపు మరోటి. ఇంట్లో, ఆదివారం, ఎవరూ అడగని బొమ్మ మీద! ఉద్యోగం మానేశాక చాలాకాలం బ్రష్ ముట్టుకోలేదు. దాన్ని మీరు సోమరితనం అంటారా? అనండి.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్లకండి. ఇంకోసారి అయితే చర్చకు తాళం వేస్తాను.

పొద్దుతిరుగుడు:
నడక గురించి ఎవరూ పట్టించుకోలేదు.

నల్లసిరా:
మిమ్మల్ని అనలేదు. మీ కష్టం కష్టమే. కానీ మీ స్టూడియో చేసింది రోజూ కూర్చోబెట్టడం కాదు, లెక్కపెట్టి గోడకెక్కించడం. రెండూ ఒకటి కాదు. డచ్ చిత్రకారుడు వాన్ గో పనిచేసింది పదేళ్లే. అందులో నూనెరంగులే దాదాపు 860, డ్రాయింగులతో కలిపితే 2,100 దాకా. మూడ్ కోసం ఆగినవాడి లెక్క కాదది. డీన్ సైమంటన్ అనే ఆయన సృజనకారుల జీవితాలను లెక్కలు కట్టి చెప్పింది కూడా ఇదే. ఎక్కువ వేసినవాళ్ల దగ్గరే గొప్పవి ఎక్కువ ఉంటాయి, చెత్త కూడా ఎక్కువే ఉంటుంది.

వానచినుకు:
వాన్ గోనా? బతికుండగా ఆయన బొమ్మలు కొన్నవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డెడ్‌లైన్ ఎవరు పెట్టారు? ఎవరూ అడగకపోయినా వేశాడు. అది మీ ఉదాహరణ కాదు సార్, నాది.

1985లో తెరెసా అమబిలే అనే సైకాలజిస్టు రచనలు చేసే 72 మందితో ఒక పని చేయించింది. కొందరికి "పేరు కోసం, డబ్బు కోసం ఎందుకు రాస్తాం" అనే కారణాల జాబితా ఇచ్చి వరసలో పెట్టమంది. కొందరికి "రాయడంలో ఉన్న ఆనందం" జాబితా ఇచ్చింది. తర్వాత చిన్న కవిత రాయించింది. పేరు, డబ్బు గురించి ఆలోచించి వచ్చినవాళ్ల కవితలు తేలిపోయాయి. చేసిందల్లా చూసేవాళ్లను తలుచుకోవడమే. దానికే అలా అయింది.

నల్లసిరా:
వాన్ గోకి ఎవరూ లేరని ఎవరన్నారు? తమ్ముడు థియో ఉన్నాడు. ఉత్తరాల్లో వేయబోయే బొమ్మలను చిన్నగా గీసి పంపేవాడు, ఏ రంగు ఎక్కడో రాసి మరీ. చూసేవాడు ఒకడున్నాడు, అతనికి చూపించాలని వేశాడు.

ఇక నా మాట సూటిగా చెబుతాను. నేను నా కోసం బొమ్మలు వేయను. ఎప్పుడూ వేయలేదు, వేయాలనీ లేదు. అటువైపు ఒక పిల్ల పేజీ తిప్పుతుందని తెలిస్తేనే నా చేయి కదులుతుంది. ఎవరూ చూడని బొమ్మ నా దృష్టిలో ఇంకా బొమ్మ కాలేదు.

వానచినుకు:
ఇప్పటికి బయటపడింది. నాకు సరిగ్గా దీనికి తలకిందులు. ఎవరైనా చూస్తారని తెలిస్తే చేయి బిగుసుకుపోతుంది. నా బొమ్మలు ఒక పెట్టెలో ఉంటాయి, ఇంట్లోవాళ్లకు కూడా చూపించను. మీరు రోజూ కూర్చోగలరు, ఎందుకంటే మీకోసం అక్కడ ఒకరు ఎదురుచూస్తున్నారు. నేను కూర్చోగలిగేది ఎవరూ ఎదురుచూడనప్పుడే. ఇంతసేపూ గడియారం గురించి కొట్టుకున్నాం.

నల్లసిరా:
పెట్టెలో పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒప్పుకోను కూడా.

వానచినుకు:
ఒప్పుకోమని ఎవరూ అడగలేదు.

కుంచెమాస్టారు:
కొత్తగీతమ్మా, మరి నువ్వు వేసినవి ఎవరికైనా చూపిస్తావా?

కొత్తగీత:
నెలకోసారి కొంతమందికి చూపిస్తాను మాస్టారూ, మెచ్చుకుంటే సంతోషం, లేకపోతే పెద్దగా పట్టించుకోను. ఇదంతా చదివాక ఒకటి గమనించాను. నేను "తోచడం లేదు" అని రాశాను కానీ, మొదలుపెట్టినవి చాలానే ఉన్నాయి. ఆకాశం వేస్తాను, దూరపు కొండలు వేస్తాను, బాగా వస్తాయి. ముందున్న చెట్టు వేయాల్సి వచ్చేసరికి ఆపేస్తాను. ఇంత బాగా వచ్చినదాన్ని పాడుచేస్తానేమో అని. అలాంటివి ఫైల్ నిండా ఉన్నాయి.

నల్లసిరా:
అయ్యో, ఇది ముందే చెప్పాలి కదా! ఇది మూడ్ జబ్బు కాదు, పాడవుతుందన్న భయం. దీని మందు వేరే. ఆ ఫైల్లో మీకు అన్నిటికంటే తక్కువ నచ్చినది తీసి, పాడుచేయాలనే చెట్టు వేయండి. దీనికి కొత్త టాపిక్ మొదలుపెట్టండి, వివరంగా రాస్తాను.

వానచినుకు:
తక్కువ నచ్చినది కాదు. ఎక్కువ నచ్చినదాన్నే తీయాలి. లేకపోతే భయం ఎక్కడికీ పోదు.

గడ్డిపువ్వు:
కొత్త టాపిక్ వద్దు తల్లీ, ఇక్కడే అడుగు. అక్కడ మళ్లీ ప్రొఫెసర్ల దగ్గర్నుంచి మొదలుపెడతారు.