గాజుల పళ్లెం చూసి నేనూ నవ్వాను. ఆ కుర్రవాణ్ణి తిరిగి జట్టుకు పిలవడం ఎలా?

కుడి కార్నర్ (పర్లాకిమిడి):

నాకు 29 ఏళ్లు. ఎరువుల దుకాణం నడుపుతాను. పదకొండేళ్లుగా మా కబడ్డీ జట్టులో కుడి కార్నర్, అంటే కుడి చివర నిలబడి పట్టే చోటు, నాదే. కూతకు వచ్చినవాడి చీలమండ దొరికితే వదలను. జట్టులో సగం మంది ఒడియా వాళ్లు, సగం మంది మనవాళ్లు. సంక్రాంతికి పాతపట్నం వైపు, దసరాకు కాశీనగర్, గుణుపురం వైపు పోటీలకు వెళ్తుంటాం.

నేను గే. ఈ రెండు మాటలు రాయడానికి మూడు రాత్రులు పట్టింది.

ఈ వేసవిలో ఒక కొత్త రైడర్ వచ్చాడు. 19 ఏళ్లు. కాలు చాపి బోనస్ గీత దాటి, మనం రెప్ప వేసేలోగా వెనక్కి వెళ్లిపోతాడు. నడక కాస్త మెత్తన, మాట్లాడుతుంటే చేతులు తిరుగుతాయి. అంతకు మించి ఏమీ లేదు. మొదటి వారంలోనే ఒడియా వాళ్లు మాయిచియా అన్నారు, మనవాళ్లు ఆడంగి అన్నారు. రెండు భాషల ఊళ్లో తిట్టు కూడా రెండుసార్లు పడుతుంది.

గత నెల ఒక పోటీలో విరామానికి ఆరు పాయింట్లు వెనకబడ్డాం. అతను మూడుసార్లు కూతకు వెళ్లి మూడుసార్లూ దొరికిపోయాడు. జట్టు బాగోగులు చూసే పెద్దమనిషి ఎక్కడ సంపాదించాడో, స్టీలు పళ్లెంలో డజను ఆకుపచ్చ గాజులు తెచ్చి అతని ముందు పెట్టాడు. "ఓడితే ఇవి తొడుక్కుని బస్సెక్కు" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాననుకుంటాను. నాకు చాలాకాలంగా అలవాటైన పని అది. ఇలాంటి మాట లేచినప్పుడు ముందుగా నవ్వేస్తే నా వైపు ఎవరూ చూడరు.

అతను ఒక గాజు తీసి వేలి మీద తిప్పుతూ తానూ నవ్వాడు. రెండో సగంలో నాలుగు పాయింట్లు తెచ్చాడు. మర్నాటి నుంచి సాధనకు రావడం లేదు.

అతను గే అవునో కాదో నాకు తెలియదు, అడగను కూడా. ఈ ఆటలో వింత చూడండి. చేతులు పట్టుకుని గొలుసు కడతాం, ఒకడి మీద ఇంకొకడు పడతాం, గెలిస్తే కౌగిలించుకుని ఏడుస్తాం. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు. బస్సులో ఒకడు కిటికీ పక్కన కూర్చుని జుట్టు సర్దుకుంటే మాత్రం వస్తుంది.

నా సంగతి బయటపడకుండా ఈ వేళాకోళం ఆపేదెలా? వెనకేసుకొస్తే "నీకెందుకంత?" అంటారు.

రాయగడ సీనియర్:

మైదానంలో ఇవన్నీ మామూలే తమ్ముడూ. మా రోజుల్లో పట్టు జారితే చెంప పగిలేది. తట్టుకున్నవాడే ఆటగాడు. నీ విషయానికి వస్తే, మంచి డాక్టరును కలువు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి.

జయపురం వ్యాయామం టీచరు:

సీనియర్ గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నేరం కాదని కూడా చెప్పింది. మరి ఏ మందు రాయమని డాక్టరు దగ్గరికి పంపుతున్నారు? పెళ్లి మాట అంటున్నారు, ఆ వచ్చే పిల్ల ఏం పాపం చేసింది?

కార్నర్ గారూ, నేనూ కాలేజీలో కబడ్డీ ఆడాను. ఆటకు ముందు గాజులన్నీ తీసి చున్నీలో మూటకట్టి ఒక జూనియర్ చేతికి ఇచ్చేవాళ్లం. పగిలితే అవతలివాళ్లకు గుచ్చుకుంటాయి కదా. గాజు అంటే మాకు అంతే, గీత బయట వదిలేసే వస్తువు. మీ పెద్దమనిషి దాన్ని పళ్లెంలో పెట్టి లోపలికి తెచ్చాడు.

పరుగు పందేల ద్యుతి చంద్ మన ఒడిశా పిల్లే. జాజ్‌పూర్ జిల్లా నేత కుటుంబం. ఒంట్లో మగ హార్మోను ఎక్కువగా ఉందని 2014లో ఆమెను కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. మీ కుర్రవాడికేమో మగతనం చాలలేదట, ఆమెకేమో ఎక్కువైందట! ఆమె క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నిబంధనను ఆపించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. ఆ మరుసటి ఏడాది మేలో, తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. ఇంట్లోనే గొడవైంది. అంత పేరున్న మనిషికే అలా జరిగింది కాబట్టి, మీరు రేపే అందరికీ చెప్పేయండని నేను అనను.

బరంపురం పాత వస్తాదు:

బాబూ, నాకు 61. బరువులెత్తినవాణ్ణి. మా ఊరి రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చాడు. ఇక్కడ ఇనుము ఎత్తడం అంటే ఎంత గౌరవమో చెప్పడానికి ఈ మాట అన్నాను, నేను ఎత్తింది అందులో సగం కూడా ఉండదు.

ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర వస్తే మా అఖాడాలో ఒక వస్తాదు పులివేషం కట్టేవాడు. ఒళ్లంతా పసుపు రంగు, మీద నల్ల చారలు. ఆ రంగు పూసే పని నేను ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఇంతకు మించి చెప్పను. మా ఇంటావిడ చాలా మంచి మనిషి.

నీ సంగతి నీ సొత్తు. ఈ గొడవ కోసం ఖర్చు పెట్టకు. చెప్పాలని ఎప్పుడైనా అనిపిస్తే ఒకరిద్దరితో మొదలుపెట్టు. ఇంగ్లండు వికెట్ కీపర్ స్టీవెన్ డేవీస్ తాను గేనని పత్రికలకు చెప్పింది 2011 ఫిబ్రవరిలో. జట్టులో వాళ్లకు అంతకు ముందే తెలుసు.

"నీకెందుకంత?" అని అడిగితే, "నాలుగు పాయింట్లు తెచ్చినవాణ్ణి తరిమేశారు, సంక్రాంతికి కూతకు మీరు వెళ్తారా?" అను. అందులో అబద్ధం లేదు. పదకొండేళ్ల కార్నర్ మాటకు ఆ మాత్రం బరువు ఉంటుంది. అయితే ముందు వెళ్లవలసింది జట్టు దగ్గరికి కాదు, ఆ పిల్లవాడి ఇంటికి. ఫోను చాలదు.

రాయగడ సీనియర్:

వస్తాదు గారూ, మీరు మర్యాదగా చెప్పారు కాబట్టి ఊరుకుంటున్నాను. గాజులు మాత్రం సరదాకే పెట్టి ఉంటారు.

కుడి కార్నర్ (పర్లాకిమిడి):

నిన్న సాయంత్రం వెళ్లాను. వాళ్ల అమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఇద్దరం గుమ్మం మీద కూర్చున్నాం. జట్టు, సంక్రాంతి, పాయింట్లు అంటూ మొదలుపెట్టాను. కాసేపు విని, "అన్నా, అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే కదా?" అన్నాడు.

అవునన్నాను. "ఎందుకు?" అన్నాడు. "భయం వేసి" అన్నాను. ఏం భయమని అడగలేదు. నా ముఖం వైపు కాసేపు చూసి, టీ గ్లాసు తీసుకుని లోపల పెట్టి వచ్చాడు.

పొద్దున్న అయిదున్నరకు మైదానంలో ఉంటానని చెప్పి వచ్చాను. చూస్తానన్నాడు. ఇప్పుడు నాలుగున్నర. గీతలకు సున్నం నేనే వేయాలి, బయలుదేరుతున్నాను.