పరిశుద్ధత ఒక్క రాత్రిలో వస్తుందా, జీవితాంతం ఎదగాలా?

మల్కాజిగిరి యూత్:
అందరికీ వందనాలు. మా శుక్రవారం ఉపవాస కూటానికి వచ్చిన ఒక దైవజనుడు రక్షణ తర్వాత రెండో అనుభవం ఒకటుందని, అది పొందిన రోజే పాపపు వేరు పూర్తిగా తెగిపోతుందని బోధించారు. బాప్తిస్మం తీసుకుని ఏళ్ళు గడిచినా కోపం వస్తోందంటే మీ సమర్పణే అబద్ధం అన్నారు. మా యూత్‌లో ఒక చెల్లి తనకసలు రక్షణే లేదేమోనని ఆ రోజు నుంచి ఏడుస్తూనే ఉంది. మా సంఘపెద్ద మాత్రం పరిశుద్ధపరచబడడం చివరి శ్వాస వరకు జరిగే పని అంటారు. ఇద్దరిలో ఎవరి మాట వాక్యానుసారం?

క్లాక్ టవర్ మెథడిస్ట్:
తమ్ముడూ, ఆ బోధను తేలిగ్గా కొట్టిపారేయొద్దు. దాని వెనక మా మెథడిస్ట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఉన్నాడు. మన ప్రాంతానికి అది కొత్త కూడా కాదు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టించిన పోస్నెట్ వెస్లియన్ మిషనరీయే. దేవుణ్ని పూర్ణహృదయంతో, పొరుగువాణ్ని తనలాగే ప్రేమించే స్థితికి విశ్వాసి ఈ బతుకులోనే చేరగలడని వెస్లీ బోధించాడు. 1 థెస్సలొనీక 5:23లో పౌలు దేవుడు మిమ్మల్ని సంపూర్ణంగా పరిశుద్ధపరచాలని ప్రార్థించాడు. దేవుడు ఇవ్వనిదాని కోసం పౌలు ప్రార్థిస్తాడా?

అయితే మీ కూటంలో సగమే చెప్పారు. ఆ స్థితికి చేరినవాడికీ తెలియనితనం, పొరపాట్లు, శోధనలు ఉంటాయనీ, ఆ తర్వాత కూడా కృపలో ఎదగాలనీ వెస్లీయే చెప్పాడు. ఆ సగం వదిలేస్తే మిగిలేది భయమే.

రామంతాపూర్ బైబిల్ స్టడీ:
నేను సంఘపెద్దగారి వైపు. ముందు ఆ చెల్లి సంగతి. తన కోపాన్ని చూసి ఏడుస్తున్న మనిషిలో ఆత్మ పని చేయడం లేదని ఎవరనగలరు? గలతీ 5:17లో శరీరానికీ ఆత్మకూ మధ్య పోరాటం ఉందని పౌలు రాసింది విశ్వాసులకే.

కొరింథు సంఘాన్ని చూడండి. 1 కొరింథీ 1:2లోనే వాళ్ళు క్రీస్తుయేసులో పరిశుద్ధపరచబడినవాళ్ళు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అసూయ, కలహం. ఆరో అధ్యాయంలో సహోదరుడి మీద సహోదరుడు కోర్టుకెక్కాడు. అయినా 6:11లో 'మీరు పరిశుద్ధపరచబడ్డారు' అనే అంటాడు, ఆ మాట గుర్తుచేసే వాళ్ళను సరిదిద్దుతాడు. హెబ్రీ 10:14లోనూ ఇంతే: ఒక్క అర్పణతో క్రీస్తు సదాకాలానికి సంపూర్ణులుగా చేసింది ఇంకా పరిశుద్ధపరచబడుతున్నవాళ్ళనే. దేవుడు ముందు తనవాళ్ళుగా ప్రత్యేకించుకుంటాడు, ఆ తర్వాత మనసును, నాలుకను, అలవాట్లను మారుస్తూ వస్తాడు. ప్రెస్బిటేరియన్ సంఘాలు విశ్వాసబోధకు వాడే 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరావళి కూడా నీతిమంతునిగా తీర్చడాన్ని దేవుడు ఒక్కసారే చేసే కార్యంగా, పరిశుద్ధపరచడాన్ని కొనసాగే పనిగా వేరు చేసి చెప్పింది. పౌలంతటివాడే ఫిలిప్పీ 3:12లో నేనింకా సంపూర్ణుణ్ని కాలేదు, పరుగెత్తుతున్నాను అన్నాడు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఒక్క రాత్రిలో అయిపోయిందని అనుకున్నచోట దాన్ని రుజువు చేసే గుర్తులు కావాలి. అందుకే మన దగ్గర చాలా సంఘాల్లో నగలు తీసేశారా, తెల్లబట్టలు కట్టారా అని చూస్తారు. పనిచేసే ఆమె జ్వరంతో రాకపోతే జీతం కోసుకున్నారా, ఇల్లు ఖాళీ చేసిన వాళ్ళ అడ్వాన్స్ ఆపుకున్నారా అని ఎవరూ అడగరు. గలతీ 5:22లోని దయ, మంచితనం తెలిసేది అక్కడే కదా!

ఉప్పల్ సిస్టర్:
అన్నయ్యా, మీ మాటలు ఆదరణగా ఉన్నాయి. కానీ ఇదే బోధ మా ఇళ్ళలో ఎలా వాడతారో కూడా వినండి. ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకుని, ఇంటికొచ్చి భార్యను కొట్టే మనిషి కూడా "దేవుడింకా నాలో పని చేస్తున్నాడు" అంటాడు. ఎన్నేళ్ళు ఎదగాలి ఆయన? పరిశుద్ధత లేకుండా ఎవరూ ప్రభువును చూడరని హెబ్రీ 12:14లో ఉంది. అది ఎవరికి చెప్పాలి?

రామంతాపూర్ బైబిల్ స్టడీ:
సిస్టర్, ఆయనకే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. ఎఫెసీ 4:28లో దొంగిలేవాడు ఇక దొంగిలకూడదు అని ఉంది, మెల్లగా తగ్గించుకోమని లేదు. లోపలి కోపం చావడానికి ఏళ్ళు పట్టొచ్చు, చెయ్యి మాత్రం ఈరోజే ఆగాలి. ఆగకపోతే మత్తయి 18:15-17 ప్రకారం సంఘం అడగాలి, అప్పటిదాకా ఆమె క్షేమంగా ఉండే చోటు చూడాలి. పశ్చాత్తాపం లేనిదాన్ని ఎదుగుదల అనడం వాక్యాన్ని వంచడమే.

తమ్ముడూ, ఆ చెల్లికి 1 యోహాను 1:8-9 చదివి వినిపించు. కోపంలో ఎవరినైనా నొప్పిస్తే వెళ్ళి క్షమాపణ అడగమను. రక్షణ ఉందా లేదా అనే టెన్షన్ క్రీస్తు సిలువ మీద వదిలేయమను.

మల్కాజిగిరి యూత్:
థాంక్స్ అన్నా. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కను తోడు తీసుకెళ్ళి మాట్లాడతాను.

క్లాక్ టవర్ మెథడిస్ట్:
చెల్లి విషయంలోనూ, సిస్టర్ అడిగినదానిలోనూ మీతో ఏకీభవిస్తున్నాను. కానీ 1 థెస్సలొనీక 5:23 సంగతి మీరు వదిలేశారు.

రామంతాపూర్ బైబిల్ స్టడీ:
ఆ వచనం చివర 'ప్రభువైన యేసుక్రీస్తు రాకడయందు' అని ఉంది కదా బ్రదర్. ఆ సంపూర్ణత ఆ రోజున నెరవేరుతుందని నా నమ్మకం.

క్లాక్ టవర్ మెథడిస్ట్:
రాకడ రోజున నిందారహితంగా కనబడాలంటే ఆ పని అంతకుముందే జరిగి ఉండాలి. 24వ వచనంలో పిలిచినవాడు నమ్మకమైనవాడు, ఆయనే చేస్తాడు అని ఉంది. దాన్ని చివరి శ్వాస దాకా వాయిదా వేయడానికి నాకు వాక్యంలో కారణం కనబడదు.