ఫ్రెండ్ వాళ్ల తాతగారి ఊరు జపాన్‌లో వెతకాలి, ఎలా?

శాన్‌హోజే_శారద: జపాన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా చెప్తారని అడుగుతున్నా. ఆఫీసులో నా పక్క సీటావిడకి 58 ఏళ్లు. ‘సాన్సే’, అంటే జపాన్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన కుటుంబంలో మూడో తరం. తాత జపాన్‌లో కుమామొతో అనే ప్రాంతం నుంచి వచ్చాడని తప్ప ఊరి పేరు తెలీదు.

మార్చిలో ఇద్దరం జపాన్ వెళ్లాం. హోటల్లో సర్వర్ ఆమె మొహం చూసి గడగడా జపనీస్‌లో మొదలెట్టాడు. పాపం, ఆమె బిక్కమొహం వేసింది. నేను ఫోన్‌లో నేర్చుకున్న ముక్కలతో ‘సుమిమాసెన్, మిజు’ అని నీళ్లడిగితే తెగ మెచ్చుకున్నాడు! ఆ రాత్రి ఆమె సరిగా తినలేదు.

మన పిల్లలు తెలుగు వదిలేసినట్టే వీళ్లూ వదిలేశారనుకునేదాన్ని. కాదట. 1941 డిసెంబర్‌లో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చెయ్యగానే, ఎవరొచ్చి సోదా చేస్తారోనని వాళ్ల నానమ్మ ఉత్తరాలూ జపనీస్ పుస్తకాలూ పొయ్యిలో పెట్టేసింది. మరుసటేడు అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్నారని ఇంటిల్లిపాదినీ వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్ నిర్బంధ క్యాంపుకి తోలేసింది. అలా క్యాంపుల పాలైనవాళ్లు దాదాపు 1,20,000 మంది. తిరిగొచ్చాక వాళ్ల నాన్న పిల్లల ముందు ఒక్క జపనీస్ ముక్క పలకలేదు. ఈమె ఇప్పుడు శనివారాలు క్లాసుకెళ్తోంది.

ఫుకుఓకా_బావ: అక్కా, ఇక్కడ ‘కొసెకి’ అని కుటుంబ రిజిస్టర్ ఉంటుంది. సొంత మనవరాలు కాబట్టి బంధుత్వానికి కాగితాలు చూపించి కాపీ అడగొచ్చు. పాతవి ఒక్కోటి 750 యెన్‌లు. కాకపోతే అవి ఏ ఊరివి ఆ ఊరి ఆఫీసులోనే ఉంటాయి, ఊరు తెలీకపోతే కష్టం. తాతగారి సమాధి రాయి చూశారా? తొలితరం వాళ్ల రాళ్ల మీద చాలాసార్లు సొంతూరు చెక్కి ఉంటుంది.

హమామత్సు_రాజు: ఊరు దొరికినా భాషతో తిప్పలే. మా ఫ్యాక్టరీలో బ్రెజిల్ నుంచి వచ్చిన, జపాన్ మూలాలున్న మూడో తరం ఆయన ఉన్నాడు. 1990లో ఇక్కడి వలస చట్టం మార్చాక ఇలాంటివాళ్లు చాలామంది వచ్చారు. బామ్మ నేర్పిన మాటతో ‘బెంజో’ (మరుగుదొడ్డికి పాతకాలపు మాట) ఎక్కడని అడిగితే అందరూ నవ్వారట. ఇప్పుడు ‘తోయిరె’ అనాలి. అదేమో ఇంగ్లీషు టాయిలెట్టే!

శాన్‌హోజే_శారద: తమ్ముడూ, ఆదివారం సమాధి దగ్గరికెళ్లాం. ఫోటో పెట్టా. వెనకవైపు ఏదో ఉంది.

ఫుకుఓకా_బావ: పైన ‘కుమామొతో కెన్’, అంటే కుమామొతో ప్రాంతం, అని స్పష్టంగా ఉందక్కా. కింద ఊరి పేరే, కానీ సగం నాచు పట్టింది. బ్రష్షుతో గీకొద్దు. నీళ్లు పోసి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఇంకో ఫోటో తీయండి.