స్ట్రాబెర్రీ గింజలు అల్లాల్సిందేనా, తర్వాత కుట్టుకోకూడదా?

వేలికొస:
ఈ నెల మన పందెం "ఊలుతో చిన్న పండు" కదా. నియమం ఒక్కటే రాశారు: "అల్లినవి మాత్రమే". నేను ఐదు స్ట్రాబెర్రీలు అల్లి ఫోటో పెట్టాను. ఎర్ర ఊలు, రెండు వైపులా మొనలున్న సూదుల మీద గుండ్రంగా అల్లినవి, ఒక్కోటి బొటనవేలంత. పైన ఆకుపచ్చ తొడిమ కూడా అల్లిందే. గింజలు మాత్రం పసుపు ఊలుతో తర్వాత కుట్టాను. తెల్లారేసరికి నా ఫోటో ఎంబ్రాయిడరీ విభాగంలో తేలింది. "గింజలు అల్లినవి కావు" అని ఒక ముక్క రాశారు. పండంతా అల్లి గింజ ఒక్కటి కుడితే అది ఎంబ్రాయిడరీ అయిపోతుందా?

నిద్రపట్టక:
స్ట్రాబెర్రీకే ఇంత పంచాయితీ అయితే దానిమ్మ అల్లినవాళ్ళ గతి ఏమిటి?

నాలుగుసూదులు:
వేలికొస గారూ, పండ్లు ముచ్చటగా ఉన్నాయి, అందులో రెండో మాట లేదు. కానీ "మాత్రమే" అన్న మాటకి అర్థం ఉంది కదండీ. గింజలు అల్లికలోనే తెప్పించవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఒక చుట్టులో పసుపు ఒక లూపు, ఎరుపు మూడు లూపులు, మళ్ళీ పసుపు ఒకటి, అలా చుట్టంతా. తర్వాతి చుట్టు ఎరుపుతోనే. పసుపు లూపు వచ్చినప్పుడు దాన్ని అల్లకుండా ఎడమ సూది నుంచి కుడి సూదికి జరిపేయాలి. ఆ లూపు రెండు చుట్ల ఎత్తుకు సాగి, సన్నగా, అచ్చం గింజలా కనిపిస్తుంది. పైగా అక్కడ అల్లిక కొంచెం బిగుసుకుంటుంది, చుట్టూ ఉన్న ఎరుపు ఉబ్బుతుంది. నిజం పండులో గింజ గుంటలో కూర్చున్నట్టే ఉంటుంది. పైన కుట్టిన గింజ ఆ గుంటలో కూర్చోదు, గట్టు మీద నిలబడుతుంది.

వేలికొస:
మీరు చెప్పిన పద్ధతి నాకు తెలుసండీ. పైభాగంలో బాగానే వస్తుంది. కిందికి వచ్చేసరికి చూడండి. వెడల్పు చోట 24 లూపులు, కొన్ని లూపులు కలిపేసి తగ్గిస్తే 18. నాలుగింటికి ఒక గింజ అన్నారు కదా, 18ని నాలుగుతో భాగిస్తే ఎంత? మొన దగ్గర ఆరు లూపులే మిగులుతాయి, అక్కడ ఏది జరపాలి, ఏది కలపాలి? కుట్టుకుంటే గింజ ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది.

లెక్కలపుస్తకం:
నాలుగింటికి ఒకటి అని ఎందుకు లెక్కపెడతారు? పండును ఆరు భాగాలు అనుకోండి. 24 అయితే భాగానికి నాలుగు లూపులు, 18 అయితే మూడు, 12 అయితే రెండు. ఒక్కో భాగానికి ఒక్కో గింజ. తగ్గించే కొద్దీ గింజలు వాటంతటవే దగ్గరవుతాయి. నిజం పండులోనూ మొన దగ్గర గింజలు ఒత్తుగానే ఉంటాయి.

వేలికొస:
అప్పుడు గింజలన్నీ ఒకదాని కింద ఒకటి స్తంభాల్లా నిలబడతాయి. స్ట్రాబెర్రీ ఎక్కడైనా అలా ఉంటుందా?

లెక్కలపుస్తకం:
గింజల వరుస మారినప్పుడల్లా గింజ చోటును ఒక లూపు పక్కకు మార్చండి. మెలిక తిరుగుతుంది. అసలు పండులో కూడా అవి మెలికలోనే ఉంటాయి.

మొక్కలపిచ్చి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి, కానీ అవి గింజలు కావు. మీరు గింజ అంటున్న ప్రతి చుక్కా ఒక పూర్తి పండు, అసలు విత్తనం దాని లోపల ఉంటుంది. ఎర్రగా, కండగా ఉన్నది పువ్వు అడుగుభాగం ఉబ్బి తయారైనది. అంటే వేలికొస గారు కుట్టినవే పండ్లు. నాలుగుసూదులు గారి లెక్కలో చూస్తే వేలికొస గారు పందేనికి పండే అల్లలేదు.

నిద్రపట్టక:
దానికన్నా దానిమ్మే నయం.

కొక్కెం:
క్రోషేలో చేసుంటే ఈ తలనొప్పే ఉండేది కాదు. అల్లిక బిగువుగా ఉంటుంది, లోపలి దూది బయటికి కనిపించదు, ఆకారం గట్టిగా నిలబడుతుంది. సూదులతో అల్లినవి నాలుగు రోజులకే చప్పిడి ముఖం పెడతాయి.

నాలుగుసూదులు:
కొక్కెం గారూ, ఊలు చీటీ మీద రాసిన సైజు కన్నా రెండు సైజులు సన్నని సూదులతో అల్లితే ఏ దూదీ కనిపించదు. ఇంకా భయమైతే తెల్ల దూది మానేసి అదే ఎర్ర ఊలు తుంపులు నింపండి. చప్పిడి ముఖం సూదుల తప్పు కాదు, అల్లేవాళ్ళ చేతి వదులు.

కొక్కెం:
సరే తల్లీ, మీ సూదులు మీవి.

వేడినీళ్ళు:
గింజలు ముందు కుట్టేసి, ఆ తర్వాత పండును సబ్బు వేడినీళ్ళలో వేసి బాగా రుద్దండి. ఉన్ని పోగుల మీది సన్నని పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అల్లికంతా దట్టంగా ముద్దకడుతుంది. గింజ ఎరుపులో కలిసిపోయి కుట్టిందో అల్లిందో ఎవరికీ తెలియదు. మిషన్‌లో ఉతకొచ్చు అని రాసి ఉన్న ఊలు మాత్రం వాడకండి, దాని పొలుసులు ముందే చంపేసి ఉంటారు. నేను అలాంటి దానితో ఒక ఆపిల్‌ను గంటసేపు రుద్దాను. చేతులు తెల్లగా నానిపోయాయి, ఆపిల్ ఎలా ఉన్నది అలాగే ఉంది. అక్రిలిక్ సంగతీ అంతే.

నాలుగుసూదులు:
ఎవరికీ తెలియకుండా దాచడం వేరు, అల్లడం వేరు. నా మాట అదే.

వేలికొస:
తెలియకుండా అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను గింజలు ఎలా కుట్టానో మీరు అడగనే లేదు. ఏదో ముడి వేసి వదిలేయలేదు. సూదిని అల్లిక లూపు వెళ్ళిన దారిలోనే పోనిచ్చాను, కింద నుంచి పైకి, పై లూపు వెనకనుంచి, మళ్ళీ కిందికి. స్విస్ డార్నింగ్ అంటారు. అరిగిపోయిన మేజోళ్ళను బాగుచేయడానికి అల్లేవాళ్ళే వాడుకున్న పద్ధతి. అల్లే చేతుల్లో పుట్టిన పని అల్లిక కాకుండా ఎలా పోతుంది? మన భాషలో కుట్లు అల్లికలు అని జంటగానే అంటాం, విడదీసి అనం.

నాలుగుసూదులు:
జంటగా అన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. కూడూ గుడ్డా అంటాం, గుడ్డ తింటామా?

వేలికొస:
నా ఐదు పండ్ల పక్కన మీ పద్ధతిలో అల్లినది ఒకటి పెట్టి చూపిస్తే, ఏది ఏదో చెప్పగలరా?

నాలుగుసూదులు:
చెప్పగలను. లోపల చూస్తే పసుపు ఊలు ఒక గింజ నుంచి ఇంకో గింజకు అడ్డంగా సాగి ఉంటుంది. మీ దాంట్లో ఉండదు. పైనుంచి చూసినా, ఎరుపు మీద పసుపు ఎక్కి రెండు పొరలై లావుగా ఉంటుంది.

వేలికొస:
లోపల దూది నింపి, చివరి ఆరు లూపుల్లోంచి ఊలు లాగి బిగించి, మూతి మూసేసిన పండు అది. కోసి చూస్తారా?

నిద్రపట్టక:
పందెం ఇప్పుడు పోస్టుమార్టమ్‌కి వెళ్ళింది.

నాలుగుసూదులు:
వెటకారం అవసరం లేదు. మీ ఫోటో మీద ఫిర్యాదు చేసింది నేనే. దాచుకోవాల్సిన పని కాదు కాబట్టి చెబుతున్నాను.

వేలికొస:
మీరా! మరి నిన్నటినుంచి "ముచ్చటగా ఉన్నాయి" అని మొదలుపెట్టి నాకు లూపులు జరపడం నేర్పుతున్నారే! నేరుగా నాకే ఒక మాట రాస్తే పోయేది కదా. రెండు రంగుల ఊలు ఒకేసారి పట్టుకుంటే నా ఎడమ చూపుడువేలు పావుగంటలో మొద్దుబారిపోతుంది. అందుకే గింజలు తర్వాత కుడతాను. ఈ సంగతి చెప్పుకుని జాలి పుట్టించాలని లేదు, అందుకే ఇంతవరకూ చెప్పలేదు. మీరు మాత్రం దీన్ని చేతకానితనం అనుకున్నారు.

నాలుగుసూదులు:
చేతకానితనం అని నేను ఎక్కడా అనలేదు. నా సంగతి కూడా వినండి. ఒక్క స్ట్రాబెర్రీకి నాలుగు సాయంత్రాలు పట్టింది నాకు. మొన దగ్గర మెలిక తప్పి మూడుసార్లు మొదటిదాకా విప్పాను. పసుపు ఊలు వెనక కొంచెం బిగిస్తే పండు నలిగిపోతుంది, వదిలేస్తే గింజ జారి వేలాడుతుంది. అలా కిందామీదా పడి ఒకటి పెట్టాను. మీరు అదే రోజు ఐదు పెట్టారు. మీ కింద "ముద్దొస్తున్నాయి" అని పదిమంది. నా కింద ఇద్దరు, అందులో ఒకరు "మిషన్ మీద చేశారా?" అని అడిగారు. మిషన్! ఆ రాత్రే ఫిర్యాదు రాశాను.

కొక్కెం:
ఆ మిషన్ మాట అన్నది నేనే అనుకుంటా. లూపులన్నీ అంత సమంగా ఉంటే మెచ్చుకోలుగానే అడిగాను. తప్పయితే క్షమించండి.

నాలుగుసూదులు:
మెచ్చుకోలుకి మిషన్ పేరు ఎత్తుతారా ఎవరైనా?

వేలికొస:
ఇది మొదటే అనాల్సింది. మీ స్ట్రాబెర్రీ నేను చూశాను. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను, నా తప్పే. కానీ ఒక మాట. మీరు అల్లికను చూస్తున్నారు, నేను పండును చూస్తున్నాను. గిన్నెలో పోసి గది అవతలినుంచి చూస్తే స్ట్రాబెర్రీలే అనిపించాలి, నాకు అంతే చాలు. వెనక పసుపు ఊలు ఎలా నడిచిందో నాకు అక్కర్లేదు.

నాలుగుసూదులు:
నాకు కావాల్సింది అదే. వెనక ఊలు ఎలా నడిచిందన్నదే. లోపల దూది కింద ఎవరూ చూడకపోయినా అది అక్కడ ఉందని నాకు తెలుసు. మీరు పండు చేయండి, ఎవరు వద్దన్నారు? పందెం పేరు మాత్రం అల్లిక.

లెక్కలపుస్తకం:
పందెం పేరు "ఊలుతో చిన్న పండు". అల్లిక అన్నది నియమంలో ఉంది, పేరులో లేదు.

నాలుగుసూదులు:
మీరు లెక్కలే చూసుకోండి మాస్టారూ.

నిర్వాహకురాలు:
ఫోటోను తిరిగి పందెం విభాగంలోకి తెచ్చాను. తీర్పులో మాత్రం లెక్కలోకి రాదు. "అల్లినవి మాత్రమే" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం నా పొరపాటు, వచ్చే నెల నుంచి అలంకరణ సంగతి విడిగా రాస్తాను. ఇక గింజల మీద ఫిర్యాదులు నాకు పంపకండి.

వేలికొస:
లెక్కలోకి రాని ఫోటో ఉంటే ఎంత, లేకపోతే ఎంత. పోనీలెండి. నిన్న రాత్రి పట్టుదలకు పోయి నాలుగుసూదులు గారు చెప్పినట్టే ఆరో పండు మొదలుపెట్టాను. అరగంట అల్లడం, వేలు విదిలించుకోవడం, మళ్ళీ అరగంట. ఆరు భాగాలు, వరుసకో లూపు మెలిక. గుంటల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. మొన దగ్గర మాత్రం నా వల్ల కాలేదు, మూడు గింజలు కుట్టాను. ఏ మూడో చెప్పండి చూద్దాం. ఫోటో జత చేశాను.

నిద్రపట్టక:
దీనికోసమే మేలుకుని ఉన్నాను.

మొక్కలపిచ్చి:
గింజలు కాదు, పండ్లు.

నాలుగుసూదులు:
ఫోటో దీపం కింద తీశారు, పసుపంతా ఒక్కలాగే ఉంది. పగటి వెలుతురులో, మొన నా వైపు తిప్పి, మళ్ళీ తీసి పెట్టండి.