ట్రాన్స్‌ఫర్ కేస్ దించాలంటున్నారు, దించనివ్వాలా?

బత్తాయి తోట:
మాది దేవరకొండ దగ్గర. సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ బండి కొన్నాం, టూ హై (వెనక చక్రాలకే పవర్), ఫోర్ హై (నాలుగు చక్రాలకూ పవర్) లివర్‌తో మార్చేది. మొన్నటి వానకు తోటలో నల్లరేగడిలో దిగబడితే తమ్ముడు ఫోర్ హై వేసి బయటికి తీశాడు. అట్లనే తారురోడ్డు మీద కొండమల్లేపల్లి దాకా పోయిండు. అక్కడ లివర్ టూ హైకి రాలేదు, బలంగా గుంజితే వచ్చింది. ఇప్పుడు టూ హైలోనే 60 దాటితే కింద గూ అని మోత. నల్గొండలో ఒక షెడ్డులో కిందికి వంగి చూసి "బాక్స్ పోయింది, దించాలి" అన్నారు. బాక్స్ అంటే ట్రాన్స్‌ఫర్ కేసే, ముందు వెనక చక్రాలకు పవర్ పంచేది. ఏం చేయాలి?

పాలమూరు స్టీరింగ్:
దించనివ్వకు తమ్మీ. ఇలాంటి బండికి ఫోర్ హైలో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి, మధ్యలో వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. బురదలో టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. ఆ బిగువంతా షాఫ్టుల్లో పేరుకుని లివర్‌ను పట్టేస్తుంది. గుంజకుండా కొంచెం దూరం నేరుగా రివర్స్ పోతే వదిలేది. లివర్ పట్టేస్తే బాక్స్ పోయినట్టా? ముందు నాలుగు టైర్లు ఒకే సైజా చూడు. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే ఫోర్ హైలో నేరుగా పోయినా బిగుసుకుంటుంది.

స్పానర్ 17:
అన్నా, ఆయన మోత టూ హైలో వస్తుందని రాశాడు. టూ హైలో ముందుకూ వెనక్కూ ముడి ఉండదు. టైరు సైజు తేడా దానికెట్ల కారణమైతది?

పాలమూరు స్టీరింగ్:
అరిగిన టైరు కూడా గూ అంటుంది. టైర్లు చూడకుండా బాక్స్ మాట ఎత్తొద్దు.

డిండి రోడ్డు:
ఆయిల్ ఎవరన్నా చూశారా?

స్పానర్ 17:
అదే అడగబోతున్నా. బండి సమానమైన చోట నిలిపి బాక్స్ పై ప్లగ్ విప్పితే మామూలుగా ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండాలి. వేలితో తీసి రుద్ది చూడాలి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి సన్నటి నల్లపొడి అంటితే మామూలే. గోరంత రేకులు, పళ్ల ముక్కలు వస్తే విప్పక తప్పదు. పాల టీ రంగుంటే నీళ్లు కలిసినట్టు. మాన్యువల్ చూడకుండా ఏదో ఒక ఆయిల్ పోయొద్దు, కొన్ని బాక్సులకు గేర్ ఆయిల్, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్).
తర్వాత చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్‌ను గేర్‌లో తిప్పండి. నిలబడ్డ బండిలో మోత వస్తే గేర్‌బాక్స్ వైపు, బాక్స్ ఇన్‌పుట్ వైపు వెతకాలి. రాకపోతే వెనక అవుట్‌పుట్ బేరింగ్, షాఫ్ట్ క్రాస్ (షాఫ్టు చివర కీలు), వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేర్లుండేది), టైర్లు చూడాలి.

పాలమూరు స్టీరింగ్:
ఇంత చెప్పేవాళ్లు షెడ్డులో ఎందుకు చేయరు? నా బండి దించి చైన్, బేరింగులు, సీళ్లు అన్నీ మార్చారు. బిల్లు కట్టి ఇంటికి రాలేదు, షాద్‌నగర్ దాటంగనే అదే మోత. చివరికి దొరికింది ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్. చేత్తో పట్టి ఊపితే లటలటా కొట్టుకుంటుంది, ఒక్కరూ ఊపి చూడలే. దొంగలు మీరంతా.

స్పానర్ 17:
"మీరంతా" అనకండి. క్రాస్ ఊపకపోవడం తప్పే. కానీ పొద్దున పూట అంతా జాకీ ఎక్కించి, రోడ్డు మీద తిప్పి చూసి "బాక్స్ బాగానే ఉంది" అని చెప్తే పైసలిచ్చేదెవరు? "ఏం మార్చలేదు కదా, దేనికి?" అని తాళం తీసుకుని పోతారు. అదే బేరింగ్ మారిస్తే బేరం లేకుండా ఇస్తారు. సామాన్లకు పైసలు, తెలివికి సున్నా అయితే షెడ్డు బాక్స్ విప్పకుండా ఎట్ల బతుకుతుంది?

మన్ననూర్ ఘాట్:
ఇది నిజం. మా దగ్గర కూడా చూసినందుకు ఎవరూ ఇవ్వరు.

పాలమూరు స్టీరింగ్:
ఇస్తాను. కానీ ముందే చెప్పాలి. చెప్పకుండా విప్పి, సామాన్లన్నీ బల్ల మీద పరిచాక "ఇప్పుడు ఏమంటారు" అంటే నేను ఏమనగలను?

బత్తాయి తోట:
ప్లగ్ విప్పాను. ఆయిల్ అచ్చం పాల టీ రంగే, రేకులు లేవు. బ్రీదర్ పైపు (బాక్స్‌కు గాలాడే పైపు) ఊడి వేలాడుతోంది. న్యూట్రల్ టెస్ట్‌లో మోత రాలేదు. టైర్లు నాలుగూ ఒకే సైజు, అరుగుదల కూడా సమానమే.

స్పానర్ 17:
బ్రీదర్‌లోంచే నీళ్లు పోయి ఉండొచ్చు. పైపు పైకి కట్టించి, ఆయిల్ మార్చి కొన్ని రోజులు తిప్పి మళ్లీ మార్చండి. నీళ్లు చేరిన బేరింగ్ మోత చేస్తూనే ఉంటే అప్పుడు దించాలి. క్రాస్ ఇవాళే ఊపి చూడండి.

బత్తాయి తోట:
రేపు ఇంకో షెడ్డుకు పోతున్నా. చూసినందుకే వేరేగా ఇస్తానని చెప్పాను, ఒప్పుకున్నాడు.

పాలమూరు స్టీరింగ్:
పక్కనే నిలబడు. ఏదన్నా మారిస్తే పాత పార్ట్ చేతిలో పెట్టమను.