ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ అంచనాలో ఆటగాళ్ల ముఖాముఖి పోలికను ఎంతవరకు నమ్మవచ్చు?

నమస్కారం. ఎవరిని ఎవరు అడ్డుకుంటారన్న దాన్ని బట్టి ఫైనల్స్ ఫలితాన్ని అంచనా వేయడం నేర్చుకుంటూ, 2015 నాటి గోల్డెన్ స్టేట్, క్లీవ్‌లాండ్ సిరీస్ దగ్గర ఆగిపోయాను. 2–1తో వెనుకబడిన గోల్డెన్ స్టేట్, నాలుగో మ్యాచ్‌కు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) బోగట్ స్థానంలో ఇగ్వొడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చి, వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచింది. క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ సగటున 35కు పైగా పాయింట్లు సాధించినా, అతన్ని నిలువరించే భారం మోసిన ఇగ్వొడాలాకే ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) దక్కింది. క్లీవ్‌లాండ్ గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) ఇర్వింగ్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడటం ఊహకు అందేది కాదు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను. అయితే గార్డును గార్డుతో, సెంటర్‌ను సెంటర్‌తో పోల్చే నా పద్ధతిలో ఆ లైనప్ మార్పుకు చోటే లేదు. స్క్రీన్ పెట్టినప్పుడల్లా (బంతి ఉన్నవాడి సహచరుడు డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడినప్పుడల్లా) డిఫెండర్లు మారిపోతుంటే, కోచ్ వేయగల ఇలాంటి ఎత్తులను సిరీస్‌కు ముందే ఎలా లెక్కలోకి తీసుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరా?