ఉబ్బసం మాత్రలు, డోపింగ్ రూల్స్: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మాది అమలాపురం పక్క పల్లె. మా చెల్లి వెయిట్‌లిఫ్టర్, వచ్చే నెల మొదటిసారి జాతీయ పోటీలకు వెళ్తోంది. కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన పొగకి ఉబ్బసం తిరగబెట్టింది. డాక్టరుగారు సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశారు.

వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత మందుల జాబితా చూశాను. ఇన్‌హేలర్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదట. తను కొట్టేది రోజుకి నాలుగుసార్లు, సారికి 100. అక్కడ టెన్షన్ లేదు. మాత్రలే పోటీ సమయంలో నిషేధం! (నాన్నమ్మేమో లేహ్యం తెచ్చింది, డబ్బా మీద ఏం కలిపారో ఒక్క ముక్క లేదు. దాచేశాను.)

చికిత్స మినహాయింపుకి (జబ్బు కోసం నిషేధిత మందు వాడుకునే అనుమతి) నాడాకి, అంటే మన దేశ డోపింగ్ నిరోధక సంస్థకి, దరఖాస్తు పెట్టినవాళ్లున్నారా? ఏ రిపోర్టులు అడిగారు? రేపు విదేశీ పోటీకి ఎంపికైతే అంతర్జాతీయ సమాఖ్య అదే కాగితం ఒప్పుకుంటుందా, మళ్లీ మొదటినుంచి తిరగాలా?